‘ఒక కంట్రోల్ ఛానల్ ఉందనుకుందాం’

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా ఈసీఈ డిపార్ట్‌మెంట్‌లో ఫైనలియర్ ప్రాజెక్టుల వైవాలు మొదలవుతాయి. గుంటూరు, విజయవాడ మధ్య ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో ఎక్కడికెళ్ళినా కాగ్నిటివ్ రేడియో (వేరేవాళ్ళ ఛానల్ ఖాళీగా ఉన్నప్పుడు చూసుకుని వాడుకునే రేడియో) మీద ప్రాజెక్టు చేసిన బ్యాచ్ ఒక్కటైనా తగులుతుంది. మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పనైపోతుంది, సామాన్లు కొనే ఖర్చు లేదు, గ్రాఫులు అందంగా వస్తాయి. కొందరు సొంతంగా చేస్తారు, కొందరు రెడీమేడ్‌గా కొనుక్కొస్తారు. ఎవరు ఏ రకమో మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది. అది వేరే కథ.

మొన్నొక బ్యాచ్ మాత్రం సొంతంగా చేసింది. గ్రాఫు కూడా బాగుంది. అడ్డంగా ఖాళీ ఛానళ్ళ సంఖ్య, నిలువుగా నెట్‌వర్క్ మోయగలిగే మొత్తం డేటా. ఖాళీలు పెరిగేకొద్దీ గీత తిన్నగా పైకి పోతోంది. 2 ఛానళ్ళకి వచ్చినదానికి 20 ఛానళ్ళకి సరిగ్గా పది రెట్లు.

“ఏమ్మా, ఈ రెండు రేడియోలూ ఫలానా ఛానల్లో మాట్లాడుకుందామని ఎలా అనుకున్నాయి?” అని అడిగాను.

“కామన్ కంట్రోల్ ఛానల్లో అనుకుంటాయండి.”

“అదెక్కడుంది?”

ఆ అమ్మాయి పక్కవాళ్ళ వైపు చూసింది. “ఉందని అజ్యూమ్ చేశాం మేడమ్.”

రిపోర్టు తిరగేస్తే నిజంగానే ఒక మూల ఒకే ఒక్క వాక్యం ఉంది, అన్ని నోడ్లకూ, అంటే నెట్‌వర్క్‌లోని రేడియోలన్నిటికీ, అందుబాటులో ఉండే కంట్రోల్ ఛానల్ ఒకటి ఉందనుకుందాం అని. పిల్లల్ని ఏమనడానికీ లేదు. పేరున్న జర్నల్ పేపర్లలోనూ ఈ వాక్యం ఇలాగే కనిపిస్తుంది. ఎక్కువగా రెండో పేజీలో, ఎవరి కంటా పడనట్టు. నా లెక్కలో కాగ్నిటివ్ రేడియోకి ఉన్న కష్టంలో సగం ఆ ‘అనుకుందాం’ అన్న మాట కింద దాక్కుని ఉంది.

ఖాళీ ఉంది, కానీ ఎవరిది?

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. 837 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు పెడితే వస్తుంది. నిన్నా అక్కడే, రేపూ అక్కడే. పంపేవాళ్ళకీ వినేవాళ్ళకీ చోటు ముందే తెలుసు కాబట్టి ‘ఎక్కడ కలుద్దాం’ అన్న ప్రశ్నే రాదు. రేడియో తరంగాల పంపకం ప్రపంచమంతా ఇలాగే జరిగింది. ఈ ముక్క రేడియోకి, ఈ ముక్క టీవీకి, ఇది రాడార్లకి, ఇది సెల్ కంపెనీలకి అని గీతలు గీసి ఎవరి వాటా వాళ్ళకిచ్చారు.

గీతలు గీసినంత మాత్రాన అంతా వాడకంలో ఉందని కాదు. 2004లో న్యూయార్క్ నడిబొడ్డున, ఒక పెద్ద రాజకీయ పార్టీ మహాసభ జరుగుతున్న రోజుల్లో, సుమారు 3 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న స్పెక్ట్రమ్‌ని కొలిచారు. సగటున 13 శాతం చోటే వాడకంలో కనిపించింది. మన దగ్గర ఇంకా చిత్రం. భూమ్మీది టవర్ల నుంచి టీవీ ప్రసారం చేసేది ఒక్క దూరదర్శనే. 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ మధ్య 8 మెగాహెర్ట్జ్ చొప్పున 15 ఛానళ్ళుంటే, దేశంలో ఎక్కడ చూసినా కనీసం 12 ఖాళీ అని ఐఐటీ బాంబే వాళ్ళు 2014లో లెక్క తేల్చారు. ఆ తర్వాత దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కూడా దాదాపు అన్నిటినీ ఆపేసింది. మేడ మీద అల్యూమినియం యాంటెన్నా తిప్పుతూ “వచ్చిందా? ఇప్పుడు?” అని కిందికి కేకలేసిన తరానికి ఇది తెలియకపోవచ్చు కానీ, ఆ గాలి ఇప్పుడు చాలావరకు ఖాళీ.

కృష్ణా డెల్టా వాళ్ళకి ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. హక్కున్న ఆయకట్టు పైన ఉంటుంది, కాలవలో నీళ్ళూ పోతుంటాయి, చివరి భూముల రైతు మాత్రం చూస్తూ కూర్చుంటాడు. ‘హక్కుదారుకి ఇబ్బంది రాకుండా, అతను వాడని వేళ నేను వాడుకుని, అతను రాగానే తప్పుకుంటాను’ అనే రేడియోనే కాగ్నిటివ్ రేడియో. జోసెఫ్ మిటోలా అనే ఇంజినీరు 1990ల చివర్లో స్వీడన్‌లో పరిశోధన చేస్తూ ఈ పేరు పెట్టాడు. హక్కుదారుని ప్రైమరీ యూజర్ అనీ, సందు చూసుకుని వాడుకునేవాణ్ణి సెకండరీ యూజర్ అనీ అంటారు.

దీనికి చిన్న నమూనా చాలా ఇళ్ళలో ఉంది కూడా. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో కొన్ని ఛానళ్ళు రాడార్లవి. ఆ ఛానల్లోకి వెళ్ళాలంటే రౌటర్ ముందు 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. వాడుతుండగా రాడార్ వినిపిస్తే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, మళ్ళీ అరగంట దాకా అటు చూడకూడదు. వెళ్ళేముందు రౌటర్ తన కింద ఉన్న ఫోన్లకి ‘ఫలానా ఛానల్‌కి మారుతున్నాను’ అని చెప్పి వెళ్తుంది. ఆ మాట అందని ఫోను అన్ని ఛానళ్ళూ వెతుక్కుంటూ కాసేపు తిరుగుతుంది. ‘మారుతున్నాను’ అన్న ఆ ఒక్క ముక్క ఎలా చేరుతుందన్నదే ఈ వ్యాసమంతా.

యార్డు పెద్దదే, గేటు ఒకటే

కాగ్నిటివ్ నెట్‌వర్క్‌లో రెండు రకాల మాటలుంటాయి. అసలు సరుకు ఒకటి: వీడియో, ఫోటో, ఫోన్ మాట. దాని గురించిన మాట ఇంకొకటి: ‘నువ్వున్నావా? నాకు 4, 7, 9 ఖాళీగా కనబడుతున్నాయి, నీకో? సరే 7కి రా. అయ్యో, 7లోకి హక్కుదారు వచ్చాడు, లేవండి.’ ఈ రెండో రకం మాటల కోసం పెట్టుకునేదే కంట్రోల్ ఛానల్. చిన్న మాటలే కదా, ఒక్క ఛానల్ చాలదా అనిపిస్తుంది.

గుంటూరు మిర్చి యార్డునే తీసుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్లో రోజుకి లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వచ్చే రోజులుంటాయి. ఇప్పుడొక ఊహ. యార్డుకి ఒకే గేటు, గేటు దగ్గర ఒకే గుమస్తా. లారీకి చీటీ రాయడానికి 2 నిమిషాలు, లోపల దింపుకోవడానికి 20 నిమిషాలు పడుతుందనుకుందాం. (చూశారా, నేనూ అనుకుందాం అనేశాను.) మొదటి లారీ దింపుకుని బయటికొచ్చేలోగా గుమస్తా ఇంకో తొమ్మిది చీటీలు రాయగలడు. అంటే ఏ క్షణంలో చూసినా లోపల 10 లారీలకి మించి ఉండవు. దింపుకునే చోట్లు 10 ఉన్నా అంతే, 50 ఉన్నా అంతే. మిగతా 40 చోట్లలో కుక్కలు పడుకుంటాయి, బయట చుట్టుగుంట దాకా లారీలు బారులు తీరతాయి. రోడ్డు మీద ఉన్న డ్రైవర్‌కి ‘యార్డులో చోటు లేదేమో’ అనిపిస్తుంది. లోపలికి తొంగిచూసినవాడికి ‘సరుకు రాలేదేమో’ అనిపిస్తుంది. ఇద్దరూ పొరబడినట్టే.

రేడియోలో లెక్క ఇదే. ఛానల్ కుదుర్చుకునే మాటలకి 1 మిల్లీసెకను, ఆ తర్వాత డేటా పంపడానికి 5 మిల్లీసెకన్లు పడితే, ఒక కంట్రోల్ ఛానల్ ఎంత పొదుపుగా వాడినా 5 డేటా ఛానళ్ళకి మించి నింపలేదు. మన టీవీ బ్యాండులో 12 ఖాళీలున్నాయన్నాం కదా. ఒకటి కంట్రోల్‌కి పోను 11. అందులో 5 నిండుతాయి, 6 ఊరికే పడుంటాయి. మా పిల్లల గ్రాఫులో గీత 5 దగ్గర వంగి అడ్డంగా పడుకోవాల్సింది.

పైగా 5 అన్నది గుమస్తా క్షణం ఖాళీ లేకుండా రాస్తేనే. గేటు దగ్గర లారీలు వరసలో నిలబడతాయి. గాల్లో వరసలుండవు. ఎవరికి పనిబడితే వాళ్ళు అరుస్తారు, ఇద్దరు ఒకేసారి అరిస్తే ఇద్దరి మాటా పోతుంది. 1970ల మొదట్లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహా అనే రేడియో నెట్‌వర్క్ కట్టినప్పుడే దీని లెక్క తేలిపోయింది. ఎవరిష్టం వచ్చినప్పుడు వాళ్ళు పంపితే ఛానల్ సామర్థ్యంలో పనికొచ్చేది గరిష్ఠంగా 18 శాతం. కాలాన్ని గళ్ళుగా కోసి, గడి మొదట్లోనే నోరు విప్పాలని కట్టడి పెడితే 37 శాతం. ఆ 37 శాతాన్ని మన 5 ఛానళ్ళకి వర్తింపజేస్తే రెండు ఛానళ్ళు కూడా నిండవు. ముందు విని, ఎవరూ మాట్లాడటం లేదని చూసుకుని పంపే పద్ధతిలో ఫలితం దీనికంటే మెరుగే. అయినా నాకు వినబడనివాడు నీకు వినబడుతుంటాడు కాబట్టి గుద్దుకోవడం పూర్తిగా పోదు.

ఇది ఒట్టి కాగితం లెక్కని అనుకోకండి. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలైన్లో నిలబడ్డవాళ్ళందరికీ ఇది అనుభవమే. ఒకసారి నేను, మా అత్తయ్యగారు తలో క్యూలో ఇరుక్కుపోయాం. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. కాల్ మాత్రం పోదు. పదిసార్లు నొక్కితే ఒకసారి రింగయింది, అప్పటికి ఆవిడ దర్శనం చేసుకుని, ప్రసాదం కూడా తీసుకుని కిందికి దిగిపోయారు. గీతలు చూపించేది టవర్ మాట మనకి ఎంత బాగా వినబడుతోందో అన్నది. మన మాట టవర్ చెవిన పడాలంటే ముందు ‘నాకు చోటివ్వండి’ అని కేకేయాలి. 4జీలో ఆ కేకకి ఒక సెల్‌లో 64 రకాల గుర్తులే ఉంటాయి, ఫోను వాటిలో ఒకటి గుడ్డిగా ఎంచుకుంటుంది. ఒకే గడిలో ఇద్దరు ఒకే గుర్తు పట్టుకుంటే ఇద్దరూ మళ్ళీ మొదటికి రావాలి. వేలమంది ఒకే కొండ పక్కన ఒకే నిమిషంలో కేకలేస్తే, మాటలు మోసే ఛానళ్ళలో చోటున్నా కాల్ కుదరకపోవచ్చు. సెల్ నెట్‌వర్క్‌లో అన్నీ చూసుకునే టవర్ ఒకటుంది, ఆ కేకలకి కేటాయించిన చోటూ ముందే ఖాయం. ఆ రెండూ ఉండి కూడా ఇలా ఉంటే, రెండూ లేని కాగ్నిటివ్ రేడియోల సంగతి ఊహించుకోండి.

ఖాళీ పెరిగితే ఇరుకు పెరుగుతుంది

నాకు ఈ సబ్జెక్టులో బాగా ఆసక్తి కలిగించే మెలిక ఇక్కడుంది. స్పెక్ట్రమ్ లభ్యత ఒక సమస్య, కంట్రోల్ ఛానల్ ఇరుకు ఇంకో సమస్య అని సిలబస్‌లో వేర్వేరు యూనిట్లలో చెబుతాం. రెండూ ఒకే తాడుకి రెండు కొసలు.

ఖాళీ ఛానళ్ళు రెండో మూడో ఉన్నప్పుడు డేటాకి చోటు చాలదు, కంట్రోల్ ఛానల్ మాత్రం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. మూడింట్లో ఒకటి దానికే ఇచ్చేశామే అని కడుపు మండుతుంది. ఖాళీలు 12 అయితే కథ తిరగబడుతుంది. డేటాకి చోటే చోటు, గేటు దగ్గర తొక్కిసలాట. హక్కుదారులు వచ్చిపోతుంటారు కాబట్టి ఖాళీల సంఖ్య గంటగంటకీ మారుతుంది. కంట్రోల్‌కి ఇంత అని ఒకసారి కోసి పెట్టిన వాటా ఏదో ఒక్క పరిస్థితికే సరిపోతుంది. మిగతా వేళల్లో అయితే ఎక్కువ, కాకపోతే తక్కువ.

చీటీ కూడా ఎప్పుడూ ఒకే సైజులో ఉండదు. రెండు రేడియోలు కుదుర్చుకోవాలంటే ఎవరికి ఏవి ఖాళీగా ఉన్నాయో జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఛానళ్ళు పెరిగితే జాబితా పెరుగుతుంది, జాబితా పెరిగితే ఆ 1 మిల్లీసెకను కాస్తా ఇంకాస్త సాగుతుంది. అంటే యార్డు పెద్దదయ్యేకొద్దీ గుమస్తా చేతి వేగం తగ్గుతోందన్నమాట.

అసలు ఖాళీ అని తెలుసుకోవడమే ఒక తతంగం. టీవీ ఖాళీల్లో పనిచేసే కాగ్నిటివ్ రేడియోల కోసం 2011లో ప్రచురించిన 802.22 అనే సాంకేతిక ప్రమాణం డిజిటల్ టీవీ సిగ్నల్‌ని మైనస్ 114 డీబీఎం దగ్గర కూడా పట్టుకోవాలంటుంది. అంటే ఒక వాట్‌ని కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కలో సగం కంటే కూడా తక్కువ. దగ్గర్లో ఒక కొండో, ఒక అపార్ట్‌మెంటో అడ్డొస్తే ఆ కాస్తా వినబడదు. గుణదల కొండకి ఇవతల ఉన్న రేడియో ‘ఎవరూ లేరు’ అనుకుని మాట్లాడటం మొదలెడుతుంది, అవతల టీవీ చూసేవాడి బొమ్మ చెడుతుంది. అందుకని ఒక్కరి చెవిని నమ్మకుండా పదిమందిని అడగాలంటారు. సహకార సెన్సింగ్ అనే ఈ పద్ధతి మంచిదే, కాకపోతే ఆ పదిమంది తమకి వినబడింది ఎక్కడ చెప్పాలి? కంట్రోల్ ఛానల్లోనే. 20 రేడియోలు 15 ఛానళ్ళ గురించి సెకనుకోసారి చెబితే 300 కబుర్లు. ఖాళీ ఉందో లేదో ఎంత జాగ్రత్తగా చూసుకుంటే, ఆ ఖాళీని వాడుకునే దారి అంత మూసుకుపోతుంది. దీనికి విరుగుడుగా పూర్తి కొలత పంపకుండా ‘ఉన్నాడు, లేడు’ అని ఒక్క బిట్ చాలన్నారు కొందరు. గట్టి నమ్మకం ఉన్నవాళ్ళే నోరు విప్పండి, అనుమానపు పక్షులు ఊరుకోండి అన్నారు ఇంకొందరు. రెండో సలహా ఊళ్ళో మీటింగులకి కూడా పనికొస్తుంది.

మరి ఒక్కో చీటీ మీద ఎక్కువ సరుకు దింపుకుంటే? 5 మిల్లీసెకన్లకి బదులు 50 పంపుకుంటే అదే గేటు పది రెట్లు ఛానళ్ళని నింపుతుంది. లెక్క ప్రకారం ఇది సులువైన మందు. కానీ పంపుతున్నంతసేపూ ఆ రేడియోకి చెవి పనిచేయదు. హక్కుదారు వచ్చినా తెలియదు. టీవీ ప్రసారమైతే గంటల తరబడి ఉంటుంది లేదా ఉండదు, 802.22 కూడా హక్కుదారుని గుర్తించడానికి 2 సెకన్ల గడువిస్తుంది కాబట్టి ఆ బ్యాండులో ఇది చెల్లుతుంది. అదే బ్యాండులో వాడే వైర్‌లెస్ మైకుల సంగతలా కాదు. పెళ్ళి మండపంలో ఎవరో స్విచ్ వేయగానే ప్రత్యక్షమవుతాయి. ఖాళీ ఎంతసేపు ఖాళీగా ఉంటుందన్న దాన్ని బట్టే చీటీ మీద ఎంత సరుకు రాయవచ్చో తేలుతుంది. ఖాళీ వయసు తక్కువైతే గేటు ఇరుకుని తప్పించుకునే మార్గం లేదు. ఇందాక ఒకే తాడు అన్నది ఇందుకే.

ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని క్లాసులో చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది, ఇక్కడ నాలుగు మాటల్లో సరిపెడతాను. చాలా పరికరాలకి రేడియో ఒక్కటే ఉంటుంది. అది డేటా ఛానల్‌కి వెళ్ళి పనిచూసుకుంటున్నంతసేపూ కంట్రోల్ ఛానల్లో ఎవరేం ఒప్పందాలు చేసుకున్నారో దానికి తెలియదు. తిరిగొచ్చి ‘7 ఖాళీ కదా’ అని దూరితే అక్కడ అప్పటికే ఇద్దరుంటారు. కంట్రోల్ ఛానల్ వినడానికే రెండో రేడియో పెడితే ఇది తగ్గుతుంది. ఖర్చు పెరుగుతుంది.

ఆ ఛానల్ ఎక్కడ పెట్టాలి?

ఇక ‘ఉందనుకుందాం’ దగ్గరికి వద్దాం. డబ్బు పెట్టి లైసెన్సు కొని అందులో పెట్టుకోవచ్చు. అంత డబ్బే ఉంటే సందులు వెతుక్కోవడం దేనికి? అందరికీ ఉచితమైన 2.4 గిగాహెర్ట్జ్‌లో పెడితే వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ రొద మధ్య మన ‘లేవండి’ అన్న కేక కలిసిపోతుంది. పోనీ ఖాళీ ఛానళ్ళలోనే ఒకదాన్ని వాడుకుంటే దాని హక్కుదారు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. అప్పుడు ‘ఈ ఛానల్ ఖాళీ చేయండి’ అన్న కబురు, ఖాళీ చేయాల్సిన ఆ ఛానల్లోనే పంపాలి. 802.22 దీనికి ముందుచూపు చూపించింది. పది పది మిల్లీసెకన్ల ఫ్రేములు 16 కలిపి ఒక కట్ట, ప్రతి కట్ట తలమీద నెట్‌వర్క్ వివరాలు. వీటితోపాటు ‘ఇది పోతే ఇక్కడ కలుద్దాం’ అనే బ్యాకప్ ఛానళ్ళ జాబితా ముందే పంచిపెడుతుంది. జాతరకి పిల్లల్ని తీసుకెళ్తూ ‘తప్పిపోతే ధ్వజస్తంభం దగ్గర ఉండండి’ అని చెప్పడం లాంటిదే. ఒకే కంట్రోల్ ఛానల్‌కి ఉన్న ఇంకో గండం జామర్, అంటే కావాలని రొద పెట్టి సిగ్నల్ చెడగొట్టే పరికరం. పన్నెండు ఛానళ్ళనీ చెడగొట్టక్కర్లేదు, గేటు ఒక్కటి మూస్తే చాలు.

అందుకని అసలు కంట్రోల్ ఛానలే వద్దు, కలిసినచోటే కంట్రోల్ ఛానల్ అన్నారు ఇంకొందరు. విజయవాడ బస్టాండులో ఫోన్లు లేని ఇద్దరు ఒకరినొకరు వెతుక్కుంటున్నట్టు ఊహించుకోండి. ఏ ప్లాట్‌ఫారం దగ్గర కలవాలో అనుకోలేదు. ఇద్దరూ నిలబడిపోతే ఎప్పటికీ కలవరు. ఇద్దరూ ఒకే దిక్కుగా ఒకే వేగంతో తిరిగితే ఒకరి వెనక ఒకరు తిరుగుతూనే ఉంటారు. అడ్డదిడ్డంగా తిరిగితే ఎప్పుడో కలుస్తారు. ఎప్పుడో అన్నదానికి లెక్కుంది. నాకు 8 ఛానళ్ళు, నీకు 6 ఖాళీగా ఉండి, అందులో ఇద్దరికీ ఉమ్మడివి 2 మాత్రమే అయితే, గుడ్డిగా దూకుతూ కలవడానికి సగటున 24 ప్రయత్నాలు పడుతుంది. ఎనిమిదీ ఆరూ గుణించి రెండుతో భాగించడమే. ప్రయత్నానికి 20 మిల్లీసెకన్లు వేసుకుంటే దాదాపు అర సెకను. 5 మిల్లీసెకన్ల డేటా కోసం!

లెక్కల వాళ్ళు ఇక్కడ ప్రధాన సంఖ్యల్ని తెచ్చారు. ఛానళ్ళు 12 ఉంటే దాని పైన ఉన్న ప్రధాన సంఖ్య 13 తీసుకుని, ఒక్కొక్కరు ఒక్కో అంగ వేసుకుంటూ దూకాలి. అంగలు వేరైతే 13 దూకుల్లో ఒక్కసారి తప్పకుండా ఒకే చోట పడతారు. అంగలు ఒకటే అయిపోతే కలవరు కాబట్టి, కాసేపు దూకాక కాసేపు నిలబడాలని నియమం పెట్టారు. ఒకరు నిలబడ్డప్పుడు ఇంకొకరు తిరుగుతుంటే దొరుకుతారు కదా. అందరికీ అవే ఛానళ్ళు ఖాళీగా ఉంటే ఈ పద్ధతిలో గరిష్ఠంగా మూడు పదమూళ్ళు, 39 ప్రయత్నాల్లో కలుస్తారని రుజువు చేశారు. గడియారాలు కలవకపోయినా సరే. నిజంగా అందమైన పని. కాకపోతే అందరికీ అవే ఛానళ్ళు ఖాళీగా ఉండవు. ఆ తేడా వచ్చిందంటే హామీ ఇవ్వగలిగే గడువు చాలా పొడుగైపోతుంది.

గేటుని ఊరవతలికి మార్చారు

వ్యాపారం ఇంత ఓపిక పట్టలేదు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో టీవీ ఖాళీల్ని వాడుకోవచ్చని అన్నప్పుడు రేడియోలు స్వయంగా వినాలని షరతు పెట్టింది. 2010లో, డేటాబేస్‌ని అడిగి పనిచేసే పరికరాలకి ఆ షరతు తీసేసింది. తానెక్కడుందో చెప్పి, అక్కడ ఏవి ఖాళీయో ఇంటర్నెట్‌లో డేటాబేస్‌ని అడిగి తెలుసుకుంటే చాలు. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర వాళ్ళ నౌకాదళ రాడార్లున్న 150 మెగాహెర్ట్జ్ ముక్కని కూడా ఈ దారిలోనే పంచారు. తీరం వెంట సెన్సర్లు రాడార్‌ని వింటాయి, ఒక కేంద్ర వ్యవస్థ ఎవరు ఎక్కడ ఉండాలో చెబుతుంది, రాడార్ కనబడిన 300 సెకన్లలోపు దారి ఖాళీ కావాలి. చెవి కోసుకునేంత సూక్ష్మంగా వినే తెలివైన రేడియో కల పక్కకి పోయింది, అడిగి చేసే బుద్ధిమంతుడు మిగిలాడు. పరిశోధకులకి ఇది కొంచెం చేదు. నాకైతే సబబే అనిపిస్తుంది. ఎందుకంటే టీవీ టవర్లు నడిచి వెళ్ళవు, వాటి జాబితా రాసిపెట్టుకోవచ్చు.

మన దగ్గర 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. ఒకరికి కేటాయించిన స్పెక్ట్రమ్‌ని, వాళ్ళకి హానికరమైన అంతరాయం కలగకుండా, ఇంకొకరికి ద్వితీయ హోదాలో కేటాయించే అధికారం కేంద్రానికి ఉంది.

డేటాబేస్ వచ్చాక కంట్రోల్ ఛానల్ సమస్య తీరిందా అంటే, అది రేడియోలోంచి ఇంటర్నెట్‌లోకి మారింది. టవర్‌కి ఫైబర్ వెళ్తుంది, అడగడం సులువు. ఫైబర్ లేనిచోట, లేదా తెగినచోట ఏమవుతుంది? 2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్ వైపు కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. పడవలో వచ్చినవాళ్ళు మేడల మీది జనాన్ని కేకలేసి పలకరించాల్సి వచ్చింది. అలాంటి చోట డేటాబేస్‌ని అడిగితే తప్ప నోరు విప్పకూడదన్న నియమం ఉన్న రేడియో, నియమం ప్రకారం, నోరు మూసుకుని కూర్చుంటుంది. చుట్టూ 12 ఛానళ్ళు ఖాళీ అయినా సరే. కేంద్రం లేకుండా, ముందస్తు ఒప్పందం లేకుండా, రెండు రేడియోలు చీకట్లో ఒకదాన్నొకటి వెతుక్కునే ఆ ప్రధాన సంఖ్యల లెక్కల మీద పని ఇంకా ఎందుకు ఆగలేదని పిల్లలు అడిగితే నేను ఈ వరద సంగతే చెబుతాను.

ఆ బ్యాచ్‌కి వారం గడువిచ్చాను. ‘అనుకుందాం’ వాక్యం కొట్టేసి, కంట్రోల్ మాటలకి కూడా టైము లెక్కపెట్టి మళ్ళీ నడిపి తీసుకురమ్మన్నాను. తెచ్చారు. గీత 2 దాకా లేచి, అక్కడి నుంచి 20 దాకా అడ్డంగా పడుకుంది.

“ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది మేడమ్, ఎంత వెతికినా దొరకట్లేదు” అంది ఆ అమ్మాయి దిగాలుగా. దొరకదమ్మా అని చెప్పి, సంతకం పెట్టాను.